వానలు తగ్గిన కాలంలో ప్రాచీన రైతులు ఎలా నిలదొక్కుకున్నారు? ధోలావీరా చెరువులు, ఉట్నూరు బూడిద దిబ్బలు చెప్పే సంగతులు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నాలుగు వేల ఏళ్ళ కిందట వానలు తగ్గి హరప్పా నాగరికత నశించిందని చదివారు. మరి అక్కడి రైతులంతా ఏమైపోయారు? అదే కాలంలో రాయలసీమ, పాలమూరు వైపు సేద్యం చేసినవాళ్ళు ఎలా నెట్టుకొచ్చారు? వాళ్ళ పద్ధతుల్లో ఇవాళ్టి మెట్ట రైతుకు పనికొచ్చేవి ఉన్నాయా?

ముందు సూటిగా జవాబు. నగరాలు ఖాళీ అయ్యాయి గానీ సేద్యం ఆగలేదు. వానలు తగ్గినకొద్దీ హరప్పా రైతులు గోధుమ, బార్లీల మీద భారం తగ్గించి వానకాలపు చిరుధాన్యాలు, పప్పుల వైపు జరిగారు. పెద్ద ఊళ్ళు వదిలి చిన్న పల్లెలుగా విడిపోయారు. వాన కాస్త నమ్మకంగా పడే తూర్పు వైపు కదిలారు. మన దక్కను మెట్టల్లో అయితే మొదటి నుంచీ సేద్యమే కరువుకు తగ్గట్టు అమరింది. రెండు చిరుధాన్యాలు, రెండు పప్పులు, వాటికి తోడు పశువుల మంద.

ఈ రెండు చోట్లా దొరికిన ఆధారాలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక తేడా గట్టిగా కనబడుతుంది. వానకు తగ్గట్టు పంట మార్చుకోవడం ఒక ఇంటివాళ్ళు సొంతంగా చేసుకోగల పని. నీళ్ళు నిలబెట్టడం వందల మంది కలిసి, ఏటేటా చేయాల్సిన పని. కరువు ఏళ్ళ తరబడి సాగినప్పుడు మొదటిది నిలిచింది, రెండోది ముందు చెడింది. కింద రాసేదంతా దీనికి ఆధారాలే.

అసలు వానకు ఏమైంది

హరప్పా ప్రాంతానికి రెండు వానలు. ఒకటి మనకు తెలిసిన నైరుతి. రెండోది చలికాలంలో పడమటి నుంచి వచ్చే చిన్న వానలు. గోధుమ, బార్లీ చలికాలపు పంటలు. సామ, కొర్ర జాతులు, పెసర, మినుము వానకాలపు పంటలు. ఈ రెండు కాలాలూ అందుబాటులో ఉండటమే అక్కడి రైతుకు పెద్ద ఆస్తి.

హర్యానాలో కోట్లా దాహర్ అనే పాత సరస్సు ఉంది. దాని అడుగు మట్టిలో దొరికిన నత్త గుల్లల్లో ఆక్సిజన్ రకాల నిష్పత్తి కొలిచారు. నీరు ఎక్కువగా ఆవిరైతే బరువైన ఆక్సిజన్ మిగిలిపోయి గుల్లలో చేరుతుంది. ఆ లెక్కన సుమారు 4,100 ఏళ్ళ కిందట నైరుతి బలహీనపడింది. మేఘాలయలోని మామ్లూ గుహలో సున్నపు రాతి పొరలు కూడా దాదాపు అదే కాలాన్ని చూపుతాయి. అందుకే 4,200 ఏళ్ళ కిందట మొదలైన ఈ యుగానికి 2018లో భూగర్భ శాస్త్రవేత్తలు మేఘాలయన్ అని పేరు పెట్టారు.

మన వైపు సాక్ష్యం గోదావరి ఇచ్చింది. నది కలిసే చోట బంగాళాఖాతం అడుగు నుంచి తీసిన మట్టిలో, ఎగువ నుంచి కొట్టుకొచ్చిన ఆకుల మీది మైనం మిగిలి ఉంది. అందులోని కార్బన్‌ను బట్టి ఎలాంటి మొక్కలు పెరిగాయో తెలుస్తుంది. సుమారు 4,000 ఏళ్ళ కిందట నుంచి గోదావరి పరీవాహక ప్రాంతంలో పొడి నేల మొక్కలు పెరుగుతూ వచ్చాయి. అంటే ఎండిపోవడం ఒక్క ఏటి కరువుగా రాలేదు, తరాల తరబడి నెమ్మదిగా సాగింది. ఇది గుర్తుపెట్టుకోవాలి. ఒక్క ఏటి కరువుకు చేసే ఉపాయం వేరు, తాత నుంచి మనవడి దాకా సాగే ఎండకు చేసేది వేరు.

నది మాట కూడా చెప్పాలి. హర్యానా, రాజస్థాన్‌ల మీదుగా పోయే ఘగ్గర్ నది ఒడ్డున కాలీబంగన్ లాంటి హరప్పా ఊళ్ళు వెలిసేనాటికి అక్కడ మంచు కరిగి పారే పెద్ద నది ఉండేదనీ, అది ఎండిపోగానే నగరాలు పోయాయనీ చాలామంది రాస్తుంటారు. కానీ హిమాలయాల మంచు నీటిని తెచ్చే సట్లెజ్ నది ఆ లోయను వదిలి పక్కకు జరిగింది సుమారు 8,000 ఏళ్ళ కిందటే, అంటే నగరాలు పుట్టడానికి చాలా ముందే. పాత నది వదిలిపోయిన ఆ లోయలో వానకాలపు నీరు నెమ్మదిగా పారి, సారమైన ఒండ్రు మిగిలింది. పెద్ద వరదల భయం లేని నేల. అందుకే అక్కడ ఊళ్ళు కట్టుకున్నారు. ఆ తర్వాత నైరుతి బలహీనపడటంతో ఆ వానకాలపు నీరు కూడా తగ్గింది.

హరప్పా రైతులు చేసింది

నగరాలు వెలిగిన కాలం క్రీ.పూ. 2600–1900. వానలు తగ్గడం మొదలైంది క్రీ.పూ. 2200 చుట్టుపక్కల. అంటే కరువు వచ్చాక కూడా నగరాలు రెండు మూడు వందల ఏళ్ళు నిలిచాయి. కరువు వచ్చింది, నగరం కూలింది అని ఒక్క వాక్యంలో తేల్చడం సరికాదు.

హర్యానాలోని మసూద్‌పూర్ లాంటి చిన్న ఊళ్ళలో దొరికిన గింజలు చూస్తే, వానలు తగ్గకముందే అక్కడ గోధుమ, బార్లీతో పాటు వరి, చిరుధాన్యాలు, పెసర, మినుము పండించారని తెలుస్తుంది. కరువొచ్చాక కొత్తగా నేర్చుకున్న పని కాదది. చేతిలో ఉన్న పంటల్లో దేని పాలు పెంచాలి, దేనిది తగ్గించాలి అన్నదే వాళ్ళ నిర్ణయం. కచ్ఛ్‌లోని ఖీర్‌సరాలో బార్లీ, గోధుమ తగ్గి చిరుధాన్యాలు పెరగడం స్పష్టంగా కనబడుతుంది. గుజరాత్‌లోని రోజ్‌డీలో మొదటి నుంచీ చిరుధాన్యాలదే పైచేయి.

పంటలు కలిపి వేయడం ఎంత పాతదో కాలీబంగన్‌లో నేల మీదే కనిపించింది. క్రీ.పూ. 2800 నాటి దున్నిన పొలం, సాళ్ళతో సహా, మట్టి కింద చెక్కుచెదరకుండా దొరికింది. తూర్పు పడమరల సాళ్ళు సుమారు 30 సెంటీమీటర్ల ఎడం. ఉత్తర దక్షిణాల సాళ్ళు దానికి అడ్డంగా, సుమారు 190 సెంటీమీటర్ల ఎడం. తవ్వకాలు జరిగిన నాటికి ఆ చుట్టుపక్కల రైతులు అచ్చం ఇలాగే దున్ని, దగ్గరి సాళ్ళలో ఉలవలు, ఎడం సాళ్ళలో ఆవాలు వేస్తున్నారు. ఆవ ఎత్తుగా పెరుగుతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఉత్తర దక్షిణాల సాలు నీడ చాలావరకు ఆ సాలు మీదే పడుతుంది, ఉలవకు ఎండ తగులుతుంది. పాత పొలంలోనూ ఇవే విత్తారని అనలేం. సాళ్ళ లెక్క మాత్రం ఒకటే.

ఇక్కడ ఒక చిన్న ఆధారం నాకు అన్నింటికంటే విలువైనదిగా తోస్తుంది. అది కలుపు గింజల సైజు. కోత కోసి, కళ్ళంలో తొక్కించి, తూర్పారబట్టి, జల్లెడ పట్టేసరికి చిన్న కలుపు గింజలు పోతాయి. పంట గింజంత ఉన్న కలుపు మాత్రమే మిగులుతుంది, అది చేత్తో ఏరాల్సిందే. కాబట్టి ఇంటి పొయ్యి బూడిదలో పెద్ద కలుపు గింజలే కనబడితే, ధాన్యం కళ్ళంలోనే శుభ్రమై ఇంటికి చేరిందని అర్థం. అందుకు ఒకేసారి చాలామంది కూలీలు కావాలి. చిన్న గింజలు కూడా బాగా కనబడితే, సగం శుభ్రం చేసిన ధాన్యాన్ని గాదెలో పోసుకుని ఏ పూటకు ఆ పూట ఇంట్లో చెరుక్కున్నారని అర్థం. హరప్పా చివరి దశలో ఈ చిన్న గింజల పాలు పెరిగింది. అంటే కళ్ళం మీద పదిమంది కలిసి చేసే పని తగ్గి, ఇంటి చేతుల మీదికి వచ్చింది. చిరుధాన్యాలకు మారడం కూడా దీన్ని పెంచింది, ఎందుకంటే వాటిని పొట్టుతోనే నిల్వ చేసి రోజూ దంచుకోవాలి. కరువును తట్టుకున్నారు నిజమే, ఆ భారంలో పెద్ద వంతు రోలు రోకలి దగ్గర కూర్చున్న చేతుల మీద పడింది.

నగరం నిలవాలంటే పల్లె నుంచి మిగులు ధాన్యం రావాలి. నాలుగు రకాల పంటలు, నాలుగు వేర్వేరు కోతలు, ఇంట్లోనే దంచుడు, చిన్న నిల్వలు. ఇలా ఉన్న పల్లె తన కడుపు నింపుకోగలదు గానీ బండ్ల కొద్దీ మిగులు పంపలేదు. క్రీ.పూ. 1900 తర్వాత నగరాలు చిన్నబోతే, తూర్పున హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్ వైపు చిన్న ఊళ్ళ సంఖ్య పెరిగింది.

నీళ్ళు నిలబెట్టడం ఎందుకు సరిపోలేదు

ధోలావీరా పేరు ఎవరైనా ఎత్తుతారు కాబట్టి దాని సంగతి వివరంగా చెబుతాను. ఇది గుజరాత్‌లోని కచ్ఛ్ రణ్ అనే చవిటి నేలలో, ఒక దీవి మీద కట్టిన హరప్పా నగరం. ఉత్తరాన మన్‌సర్, దక్షిణాన మన్‌హర్ అనే రెండు వాగులు. వానకాలంలో తప్ప పారవు. వాటికి అడ్డుకట్టలు కట్టి, నీటిని మళ్ళించి, ఊరి గోడ లోపల వరుసగా చెరువులు నింపారు. రాతిలో తొలిచిన పెద్ద చెరువు సుమారు 73 మీటర్ల పొడవు, 29 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల లోతు. లోతు ఎక్కువ పెట్టడంలోనే తెలివి ఉంది. అక్కడి ఎండకు ఏడాదికి రెండు మీటర్ల దాకా నీరు ఆవిరైపోతుంది. వెడల్పుగా మూడు మీటర్ల లోతున తవ్వి ఉంటే వేసవికి అడుగు తేలేది.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ చెరువు అంచుల దాకా నిండితే సుమారు 21,000 ఘనపు మీటర్లు, అంటే రెండు కోట్ల లీటర్ల పైచిలుకు. చలికాలపు గోధుమ పంటకు 400 మిల్లీమీటర్ల నీరు పెట్టాలనుకుంటే హెక్టారుకు 4,000 ఘనపు మీటర్లు కావాలి. ఒక్క చుక్క ఆవిరి కాకపోయినా అంత పెద్ద చెరువు తడిపేది ఐదు హెక్టార్లు, అంటే పదమూడు ఎకరాల లోపు. కాబట్టి అవి తాగునీటి చెరువులు. సేద్యం వాన మీదే నడిచింది. చెరువులున్న నగరమే ఎందుకు నిలవలేదని అడిగేవాళ్ళకు ఈ లెక్క చూపిస్తాను. ఆ చెరువులు మనుషుల, పశువుల దాహం తీర్చగలవు, పొలాన్ని పండించలేవు. పూడిక తీసి, కట్ట మరమ్మతు చేసే జనం తగ్గాక ఆ కాస్త పనికీ ఇబ్బందే. ధోలావీరా చివరి దశలో తిరిగొచ్చి ఉన్నవాళ్ళు గుండ్రటి గుడిసెలు వేసుకున్నారు. నగరం పోయింది, మనుషులు అదే నేల మీద మరో తీరున బతికారు.

పంటకు నీళ్ళిచ్చే చెరువు కట్టాలంటే ఎంత పని ఉంటుందో మన దగ్గరే రాతి మీద చెక్కి ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం, 1369 నాటిది. ఇది మధ్యయుగపు మాట, మీరడిగిన కాలం కంటే మూడు వేల ఏళ్ళు తర్వాతిది. అయినా చెరువు విషయంలో ఏం చెడుతుందో ఇంత విడమరచి చెప్పిన పాత రాత అరుదు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని అందులో ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు లెక్కపెట్టారు. దోషాలు ఇవి: కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ మెరక, ఆయకట్టు పెద్దదై నీరు తక్కువ కావడం, నీరు ఎక్కువై సాగు నేల తక్కువ కావడం. ఈ ఆరింటిలో మూడోది మట్టికీ నీటికీ సంబంధించినది కాదు, పాలనది. చెరువు ఎవరిదో తేలకపోతే కట్ట తెగినప్పుడు పూడ్చేవాడు ఉండడు.

మన మెట్టల సంగతి

కృష్ణా, తుంగభద్రల మధ్య నేలలు, బళ్ళారి, రాయచూరు, కర్నూలు, అనంతపురం, పాత మహబూబ్‌నగర్, ఇవి వర్షచ్ఛాయలో ఉన్నాయి. ఇప్పటికీ అనంతపురానికి ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూనే వాన. ఇక్కడ క్రీ.పూ. 3000–1200 మధ్య పశుపాలకులు, రైతులు ఉన్నారు. వాళ్ళు వదిలిన గుర్తులే బూడిద దిబ్బలు. వందకు పైగా తెలుసు. హంపీ దగ్గర నింబాపురం దిబ్బను వాలి చితి బూడిద అంటారు అక్కడివాళ్ళు. పాలమూరు ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు వేరు) 1950లలో తవ్వితే ఆ బూడిద ఏమిటో తేలింది. గుంజలు పాతి కట్టిన పశువుల దొడ్డి, అందులో పేరుకున్న పేడ, దాన్ని మళ్ళీ మళ్ళీ తగలబెట్టిన పొరలు. పొరల నడుమ పశువుల గిట్టల అచ్చులు అలాగే మిగిలాయి. కొన్ని దిబ్బల్లో వేడికి బూడిద కరిగి గాజు చిట్టెంలా గడ్డకట్టింది.

పొలానికి ఎరువయ్యే పేడను ఎందుకు తగలబెట్టారన్నది ఇప్పటికీ చర్చే. పండుగలా మందలన్నీ ఒకచోట చేరినప్పటి ఆచారమని ఎక్కువమంది భావిస్తారు. గోమారీ, పురుగు వదిలించడానికని మరికొందరు. నాకు మొదటి వాదనే బలంగా కనిపిస్తుంది, ఎందుకంటే అంత ఎత్తున దిబ్బలు పెరగాలంటే ఒకే చోటికి తరాల తరబడి తిరిగి రావాలి. మందకు కాళ్ళున్నాయి. వాన పడని ఏడు పంటను కదిలించలేం, మందను మేత ఉన్న వైపు తోలుకుపోవచ్చు. ఎండు నేలలో పశువు రైతుకు నడిచే గాదె. ఆ మందలు ఏ దారిన తిరగాలి, ఎవరి నేలలో మేయాలి అన్న ఒప్పందాలు ఇలాంటి కూడికల్లోనే కుదిరి ఉంటాయి.

ఇక పంటలు. ఇక్కడి ఊళ్ళలో పదే పదే దొరికే గింజలు నాలుగు: అండుకొర్రలు, కొర్ర జాతికే చెందిన ముళ్ళ కంకి గడ్డి, ఉలవలు, పెసలు. వీటి కాలం చూడండి. పెసర 65–75 రోజులు. అండుకొర్ర 75–90. ఉలవ మూడు నెలల పైమాట, కానీ ఆలస్యంగా విత్తినా నేలలోని చెమ్మతోనే గట్టెక్కుతుంది. తొలకరి సరిగా పడితే చిరుధాన్యం, పెసర. తొలకరి ఎగ్గొట్టి ఆలస్యంగా వాన వస్తే ఉలవ. రెండు అదనులు, రెండు పందేలు. గింజ మనిషికి, గడ్డీ కట్టెలూ పశువుకు.

గోధుమ, బార్లీ కూడా క్రీ.పూ. 1900 ప్రాంతానికి ఇక్కడికి చేరాయి. కొన్ని ఊళ్ళలో కొద్దిగా దొరుకుతాయి, ప్రధాన తిండి మాత్రం కాలేదు. చలికాలపు వాన లేని చోట వాటికి చేత్తో నీళ్ళు పోయాలి, అందుకే వాగు పక్క మడులకే పరిమితమై ఉంటాయి. తర్వాత అనుములు, కంది, ఆఫ్రికా నుంచి వచ్చిన సజ్జ ఒక్కొక్కటిగా చేరాయి. కొత్తది వచ్చినా పాతదాన్ని వెంటనే వదలకపోవడం ఈ రైతుల అలవాటు.

ఉలవ గురించి ఒక్క మాట. క్రీ.పూ. 2000 నుంచి వేర్వేరు కాలాల ఉలవ గింజలను శక్తిమంతమైన ఎక్స్‌రేతో చూస్తే, పైతోలు పలచబడుతూ వచ్చింది. మందపు తోలున్న అడవి గింజ తొలి వానకే మొలవదు, కొన్ని ఈ ఏడు, కొన్ని పైఏడు మొలుస్తాయి. తొలకరి మోసం చేసినా జాతి మిగులుతుంది. పలచని తోలుంటే విత్తినవన్నీ ఒకేసారి మొలుస్తాయి, కోత సులువు. కానీ మొలిచాక వాన ముఖం చాటేస్తే మొత్తం పోతుంది. రైతు ఈ లాభం కోసం ఆ రక్షణను వదులుకున్నాడు, దాని బదులు విత్తనాన్ని ఇంట్లో విడిగా దాచుకున్నాడు.

ఇదంతా ఎలా తెలుస్తుంది, ఎక్కడ పొరబడతాం

పొయ్యి, పాతర, చెత్త గుంతల మట్టిని 20–40 లీటర్ల చొప్పున తీసి నీళ్ళలో కలిపితే కాలిన గింజలు పైకి తేలతాయి. వాటిని 0.3 మిల్లీమీటర్ల వలలో పట్టి నీడన ఆరబెట్టాలి. ఎండలో పెడితే గింజలు పగిలిపోతాయి. నల్లరేగడి అయితే నీళ్ళలో ఉండలు కట్టి విడదు, వంటసోడా వేసి రాత్రంతా నానబెట్టాలి. వల కన్ను ఒక మిల్లీమీటరు ఉంటే చిన్న కలుపు గింజలన్నీ జారిపోయి, పైన చెప్పిన కళ్ళం లెక్క మొత్తం తలకిందులవుతుంది. పాత తవ్వకాల్లో చిరుధాన్యాలు లేవని రాసిన చోట్ల చాలావరకు అసలు మట్టిని కడగనే లేదు.

చిరుధాన్యాలను ఒకదానికొకటి పొరబడటం కూడా మామూలే. కొర్ర జాతుల్లో మొలక భాగం గింజ పొడవులో మూడింట రెండు వంతులుంటుంది, వరిగలో సగమే. గింజ కాలి ఉబ్బితే ఈ కొలత నమ్మలేం, పొట్టు మీది గీతలు కూడా చూడాలి.

రేగడి నేల వేసవిలో నెర్రెలిచ్చినప్పుడు నేటి గింజ లోతుకు జారుతుంది. చీమలు, ఎలుకలు కూడా మోసుకెళ్తాయి. అందుకే పక్కనున్న బొగ్గు కాలాన్ని గింజకు అంటగట్టకూడదు, ఆ గింజకే కార్బన్ కాలనిర్ణయం చేయించాలి. ఫలానా పంట ఐదు వేల ఏళ్ళ కిందటే ఉందని ఎక్కడైనా చదివితే, కాలం కట్టింది గింజకా, పొరకా అని ముందు చూడండి.

ఇవాళ్టికి పనికొచ్చేది

పాత పద్ధతిని యథాతథంగా తెచ్చుకోమని నేను చెప్పను. ఆ రోజుల్లో జనం తక్కువ, బీడు ఎక్కువ, మంద తిరగడానికి అడ్డు లేదు. ఇవేవీ ఇప్పుడు లేవు. పనికొచ్చేది అదనుల లెక్క. మెట్టలో మొత్తం నేలను ఒకే అదనుకు, ఒకే పంటకు అప్పగించకండి. వేరుశనగ పోయాక అనంతపురం రైతు ఆగస్టు, సెప్టెంబరు వానకు ఉలవ చల్లడం ఈ లెక్కే. కానీ ఆ రోజున ఇంట్లో విత్తనం ఉండాలి. బజారుకు వెళ్ళి వెతికేసరికి పదును ఆరిపోతుంది. ఎకరాకు 8–10 కిలోల ఉలవ విత్తనం ముందే వేరుగా కట్టిపెట్టుకోండి. పప్పు గింజలకు పుచ్చు త్వరగా పడుతుంది కాబట్టి బాగా ఎండబెట్టి బూడిద కలిపి దాచాలి, ఏటేటా మార్చుకోవాలి. కొర్ర, అండుకొర్రలను పొట్టుతోనే ఉంచండి, ఏళ్ళ తరబడి పురుగు పట్టవు. బియ్యం చేశాక మాత్రం ఒకటి రెండు నెలల్లో ముక్కిపోతాయి, కాబట్టి కావలసినంతే పట్టించుకోండి.

మీ ఊరి చుట్టుపక్కల బూడిద దిబ్బ ఏదైనా ఉంటే దాన్ని పొలానికి మట్టిగా తవ్వుకుపోకుండా చూడండి. ఇప్పటికే చాలా దిబ్బలు అలా పోయాయి. పొరలు ఒకసారి కలిసిపోతే ఏ గింజ ఏ కాలానిదో చెప్పే దారి ఉండదు.